వాగు పక్కన బ్రెడ్డు, సారె పచ్చడి

మా ఇంట్లో బ్రెడ్డు అంటే జ్వరం. చిన్నప్పుడు ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, నాన్న సైకిలేసుకుని వెళ్లి ప్యాకెట్టు తెచ్చేవాడు. అమ్మ పాలల్లో ముంచి పెట్టేది. జ్వరం తగ్గగానే మిగిలిన ముక్కలు గేదె కుడితిలోకి వెళ్లేవి. మళ్లీ ఎవరికో ఒకరికి ఒళ్లు కాలేదాకా బ్రెడ్డు మా గుమ్మం తొక్కేది కాదు.

తర్వాత గుంటూరులోనూ విజయవాడలోనూ చాలా చోట్ల శాండ్‌విచ్‌లు తిన్నాను. చీజ్ కరిగి సాగేవి, చికెన్ కూరినవి, పుదీనా పచ్చడి రాసి మూడు మూలలుగా కోసి ఇచ్చేవి. బాగానే ఉంటాయి. కానీ నేను తిన్నవాటిల్లో అన్నిటికన్నా గొప్పది మాత్రం నా పెళ్లిరోజున తిన్నాను. పట్టుచీరలో, పారాణి పెట్టిన పాదాలకు నల్లరేగడి మట్టి అంటుకుని ఉండగా, ఒక వాగు పక్కన టీకొట్టులో నిలబడి తిన్నాను. దాన్ని చేసి ఇచ్చింది ఆ పొద్దునే నా మెడలో తాళి కట్టిన మనిషి.

మా ఊరు ప్రత్తిపాడుకు దగ్గర. అత్తగారి ఊరు పర్చూరు దాటాక వస్తుంది. అప్పటికి అది ప్రకాశం జిల్లా. ఆయన గుంటూరులో ఒక విత్తనాల షాపులో పనిచేస్తూ స్నేహితులతో రూములో ఉండేవాడు. పెళ్లి కుదిరాక ఫోన్లో మాట్లాడుకున్నాం గానీ, మా మాటలు "తిన్నారా", "తిన్నానండి, మీరు తిన్నారా" దగ్గరే తిరుగుతూ ఉండేవి. ఆయన మంచివాడనే అనిపించింది. అంతకు మించి ఏమీ తెలియదు.

పెళ్లి శ్రావణమాసంలో, పొద్దుటి ముహూర్తానికి జరిగింది. ఆచారం ప్రకారం పొద్దున్నుంచి నేనేమీ తినలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఇద్దరికీ పెద్ద అరిటాకులు వేసి, చుట్టూ వెండి గిన్నెలు పేర్చి కూర్చోబెట్టారు. కానీ ఫొటోగ్రాఫరు వదిలితేగా! ఒకరి నోట్లో ఒకరు పూర్ణం బూరె పెట్టుకోమన్నాడు. పెట్టుకున్నాం. లైటు సరిగ్గా పడలేదు, ఇంకోసారి అన్నాడు. మళ్లీ పెట్టుకున్నాం. "కొరకొద్దు మేడం, కొరికినట్టు పట్టుకోండి చాలు" అన్నాడు. మేము బూరెను కొరికినట్టు పట్టుకుని నవ్వుతూ ఉండగానే పడమటి వైపు మబ్బు కమ్ముకొచ్చింది. గోధూళి వేళకు గృహప్రవేశం పెట్టారు, వానలో ఇరుక్కుంటే కష్టం, లేవండి లేవండి అని పెద్దవాళ్లు తొందరపెట్టారు. పప్పన్నం విస్తట్లోనే ఉండిపోయింది.

మగపెళ్లివారి బస్సు ముందు వెళ్లిపోయింది. మా కారు వెనక బయలుదేరింది. అమ్మ సారె సామానంతా డిక్కీలో సర్దించింది. అరిసెలు, లడ్డూలు, మైసూర్‌పాకు, గుమ్మడి వడియాలు. వాటితోపాటు మా నాయనమ్మ కాచిన నెయ్యి ఒక క్యాను, పండుమిరపకాయ పచ్చడి ఒక పెద్ద జాడీ. కారం లేకపోతే నాకు ముద్ద దిగదని అమ్మ ఆ జాడీని ప్రత్యేకంగా పాత చీరలో చుట్టి పెట్టింది. "బాబూ, ఇది మాత్రం ఒరగనివ్వకండి" అని అల్లుడికి చెప్పింది. ఆ మాట చెబుతూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పచ్చడి జాడీని చూసి ఏడవడమేంటని మా పిన్ని నవ్వుతూ ఏడ్చింది.

కార్లో ముందు సీటు ఆయన మేనత్త తీసుకుంది. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. వెనక సీట్లో నేను ఒక కిటికీ దగ్గర, ఆయన ఇంకో కిటికీ దగ్గర, మా మధ్యన అత్తగారు. మా కొంగుముడి ఆవిడ ఒడి మీదుగా వెళ్లింది. ఇంటి గడప దాటేదాకా ముడి విప్పకూడదని మేనత్త ఎక్కేటప్పుడే గట్టిగా చెప్పింది.

వాన దంచికొట్టింది. కొంతసేపటికి తెరిపిచ్చింది గానీ, అప్పటికే ఎగువన ఎక్కడో పడిన నీళ్లన్నీ వాగులోకి వచ్చేశాయి. మేము చేరేసరికి రోడ్డు వాగును దాటే చప్టా మీద నీళ్లు ఎర్రగా సుడులు తిరుగుతూ పారుతోంది. బస్సు అంతకు ముందే దాటి అవతలికి వెళ్లిపోయింది. మాకు ముందు రెండు ఆటోలు, ఒక ట్రాక్టరు, ఒక తెల్లటి బేకరీ వ్యాను ఆగి ఉన్నాయి. రోడ్డుకు రెండు వైపులా మోకాలెత్తు పత్తిచేలు, వాటి వెనక మిరపనారు నాటడానికి దున్ని ఉంచిన నల్లటి నేల. డ్రైవరు ఇంజను ఆపేశాడు. కార్లో నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో నా కడుపు అరిచింది. మామూలుగా కాదు, పాత తలుపు తీసినట్టు పొడుగ్గా అరిచింది.

"ఏంది ఆ చప్పుడు?" అంది మేనత్త ముందు సీట్లోంచి.

నేను కిటికీలోంచి పత్తిచేను వంక చూస్తూ ఉండిపోయాను. చెవులు వేడెక్కిపోయాయి.

"నా కడుపే అత్తా" అన్నాడు ఆయన.

ఆ మాట ఆయన నోట్లో ఉండగానే ఆయన కడుపు నిజంగానే అరిచింది. నాదానికన్నా పెద్దగా. అత్తగారు అటు చూసింది, ఇటు చూసింది.

"ఇది నీదైతే ఇందాకటిది ఎవరిదిరా?"

ఇక ఆపుకోలేకపోయాను. నవ్వేశాను. పొద్దున్నుంచి పీటల మీద నవ్వినవన్నీ ఫొటోల కోసం. ఇది మాత్రం పొట్ట పట్టుకుని నవ్విన నవ్వు. ఆయనా నవ్వాడు. అత్తగారు నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"పొద్దుట్నుంచి ఏం తిన్నావమ్మా?"

"ఫొటోలో బూరె తిన్నానండి."

"కడుపులోకి ఏం తిన్నావు?"

"ఏం తినలేదండి."

"అయ్యో నా తల్లీ!" అని ఆవిడ తలుపు తీయించి మా ఇద్దర్నీ కిందికి దించింది.

రోడ్డు పక్కన రేకుల టీకొట్టు ఒకటి ఉంది. నడివయసు ఆవిడ ఒకరు పెద్ద స్టవ్వు మీద టీ మరగబెడుతోంది. పట్టుబట్టలతో, నొసట బాసికాలతో, కొంగులు ముడేసుకుని బురదలో జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వస్తున్న మమ్మల్ని చూసి ఆవిడ గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"ఇదేం పెళ్లండీ బాబూ, నా కొట్టు ముందరికే వచ్చింది!"

"తినడానికి ఏమున్నాయమ్మా?" అని అడిగింది అత్తగారు.

"ఏం లేవు. ఆమ్లెట్లకు గుడ్లు పొద్దున్నే అయిపోయినయ్. వాగొచ్చి బళ్లు ఆగేసరికి బిస్కెట్లన్నీ ఈ ఆటోల వాళ్లు లాగించేశారు. టీ ఉంది. ఉల్లిపాయలున్నయ్."

అప్పుడే బేకరీ వ్యాను ఆయన టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. తెల్లగడ్డం, సన్నటి మనిషి. పల్లెల్లో కిరాణా కొట్లకు బ్రెడ్డూ బన్నులూ వేసుకుంటూ పోయే సాయిబు ఆయన.

"బ్రెడ్డు ఉందమ్మా నా దగ్గర. పొద్దున కాల్చిందే. పక్కనే వ్యాను నిండా సరుకు పెట్టుకుని, పెళ్లికూతురు ఆకలితో నిలబడితే చూస్తా ఊరుకుంటానా?" అని వెళ్లి ప్యాకెట్లు పట్టుకొచ్చాడు.

కారు తలుపు తీసుకుని కూర్చున్న మేనత్త అక్కడినుంచే కేకేసింది. "పెళ్లికూతురికి బ్రెడ్డు పెడతావా? దానికేమన్నా జ్వరం తగిలిందా?"

మా ఇంట్లోనే కాదు, వాళ్లింట్లోనూ బ్రెడ్డు అంటే అదేనని అలా తెలిసింది. "తగలకముందే పెడదాం వదినా" అంది అత్తగారు.

మా ఆయన ప్యాకెట్టు తీసుకుని వేళ్లతో నొక్కి చూశాడు. "ఉత్త బ్రెడ్డు ఎట్టా తింటారమ్మా? డిక్కీలో పచ్చడి ఉందిగా" అన్నాడు.

ఆ మాట వినగానే మేనత్త మోకాళ్ల నొప్పులు మర్చిపోయి కారు దిగొచ్చింది.

"సారె దారిలో విప్పుతారట్రా? గడప దాటాలి, దేవుడి దగ్గర పెట్టాలి, ఊరంతా పంచాలి. రోడ్డు మీద, టీకొట్టులో విప్పుతారా ఎక్కడన్నా?"

అత్తగారు ఆలోచించింది. ఆవిడ కూడా ఆ పద్ధతుల్లోనే పెరిగిన మనిషి. కాసేపు వాగు వంక చూసి, నా వైపు తిరిగింది.

"నీ పుట్టింటి సారె. నువ్వు చెప్పమ్మా. విప్పమంటావా, వద్దంటావా?"

ఆ రోజు పొద్దున్నుంచి కూర్చోమంటే కూర్చున్నాను, లేవమంటే లేచాను, తల వంచమంటే వంచాను. నన్ను ఏదైనా అడిగింది అదే మొదటిసారి. ఏం చెప్పాలో వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

"మా అమ్మే ఉంటే ఈపాటికి విప్పేసేదండి."

"విన్నావుగా వదినా!" అంది అత్తగారు.

డిక్కీ తెరిచారు. జాడీ, నెయ్యి క్యాను, వడియాల డబ్బా కొట్టులోకి వచ్చాయి. అత్తగారు పైట దోపుకుని స్టవ్వు దగ్గరికి వెళ్లబోతే ఆయన అడ్డం వచ్చాడు.

"నువ్వు కూర్చో అమ్మా. నేను చేస్తా."

"నువ్వేం చేస్తావురా?"

"చూడు."

పట్టు కండువాలో ముడి లేని కొసను తలకు చుట్టుకున్నాడు. కొంగుముడి విప్పకూడదు కదా, ఆయన స్టవ్వు దగ్గరికి వెళితే నేనూ వెళ్లాల్సి వచ్చింది. ఆయన ఉల్లిపాయ కోసం వంగితే నేనూ వంగాను. మంట తగలకుండా ముడిని రెండు చేతులతో పైకి పట్టుకుని ఆయన పక్కనే నిలబడ్డాను. కొట్టావిడ ఆమ్లెట్ల పెనం కడిగి ఇచ్చింది. ఆయన ముందు బాణలిలో వడియాలు వేయించి పక్కన పెట్టాడు. ఉల్లిపాయను కాగితమంత పల్చగా తరిగాడు, ముక్కలు విడిపోకుండా. బ్రెడ్డు ముక్క మీద పచ్చడి తీసుకుని, చెంచా వెనక వైపుతో అంచులదాకా సమంగా పరిచాడు. దాని మీద ఉల్లిపాయ ముక్కలు. వాటి మీద వడియాలు చేత్తో చిదిమి వేశాడు. నిమ్మచెక్క ఉందా అని కొట్టావిడను అడిగి నాలుగు చుక్కలు పిండాడు. పైన ఇంకో ముక్క మూసి, పెనం మీద నెయ్యి ధారగా పోసి పెట్టి, నీళ్లున్న టీ గిన్నె ఒకటి తెచ్చి దాని మీద బరువుగా ఉంచాడు. నెయ్యి చుయ్యిమంది. పచ్చడి వేడెక్కి వెల్లుల్లి వాసన కొట్టంతా కమ్మింది.

అత్తగారు నోరు తెరిచి చూస్తోంది. "ఒరేయ్, ఎప్పుడు నేర్చుకున్నావురా ఇవన్నీ?"

"రూములో. రోజూ నేనే వండుతా మా వాళ్లకి."

"ఇంటికొస్తే తిన్న కంచం కూడా తియ్యవు కదరా!"

"నువ్వు తియ్యనిస్తేగా!"

ఆవిడకు కోపం రావాలో సంతోషించాలో తెలియక నా వైపు చూసి, "నీ అదృష్టమమ్మా, నాకు ఇన్నాళ్లూ దక్కలా" అంది.

ఆయన గిన్నె తీసి, అట్లకాడతో తిరగేసి, ఆగి నన్ను అడిగాడు. "మీరు కారం బాగా తింటారా? ఇంకొంచెం వెయ్యనా?"

మేనత్త పకపకా నవ్వింది. "పెళ్లానికి మీరేందిరా! సాయిబు గారూ, విన్నారా, మా వాడు పెళ్లాన్ని మీరంటున్నాడు."

"అననివ్వండమ్మా. నేనూ మా ఇంటిదాన్ని అట్టాగే పిలుస్తా. ఇన్నేళ్లలో ఒక్కసారీ టీ ఆలస్యం కాలా" అన్నాడు సాయిబు గారు.

మా ఆయన నన్నే చూస్తున్నాడు, జవాబు కోసం. "బాగా తింటానండి" అన్నాను. మళ్లీ పై ముక్క ఎత్తి ఇంకొంచెం పచ్చడి పెట్టి మూశాడు. చాకుతో అడ్డంగా కోసి, పాత పేపరు ముక్కలో పెట్టి ఇచ్చాడు. వేళ్లు కాలిపోతున్నాయి. ఊదుకుంటూ కొరికాను.

పైన బ్రెడ్డు కరకరలాడింది. లోపల మెత్తగా ఉంది. ముందు నెయ్యి తగిలింది, వెంటనే చింతపండు పులుపు, ఆ వెనకే కారం లేచింది. మా ఊరి కారం. మా చేలో కోసిన పండుమిరపకాయలు, అమ్మా నాయనమ్మా ఎదురెదురుగా కూర్చుని రోట్లో దంచిన కారం. నోరు మండేలోపు వడియం పటపటమని విరిగింది, ఉల్లిపాయ చల్లగా తగిలింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ముక్కు కారింది. అప్పగింతలప్పుడు తుడుచుకున్న చేతిరుమాలుతోనే మళ్లీ తుడుచుకున్నాను. కానీ ఏడుపు కాదు. అంత బాగున్నది అప్పటిదాకా ఎప్పుడూ తినలేదు.

"ఎట్టా ఉంది?" అన్నాడు.

నోటి నిండా ఉంది. తల ఊపాను. ఇంకో సగం ఆయనకు ఇవ్వబోతే, చేతులకు నెయ్యి అని చూపించి నోరు తెరిచాడు. పెట్టాను. లైటు చూసేవాళ్లూ లేరు, మళ్లీ పెట్టమనేవాళ్లూ లేరు. ఆయన పెద్దగా కొరికాడు.

ఇక పెనం ఖాళీగా లేదు. అత్తగారు ఒకటి తిన్నది. సాయిబు గారు ఒకటి తిని, "నేను ఇన్నేళ్లు బ్రెడ్డు అమ్మాను గానీ ఇట్టా తినొచ్చని తెలీదు" అని ఇంకో రెండు ప్యాకెట్లు తెచ్చి పెట్టాడు. మేనత్త కాసేపు దూరంగా నిలబడి, "ఒక ముక్క ఇటివ్వండి, ఉప్పు సరిపోయిందో లేదో చూస్తా" అంది. సరిపోయిందని తేల్చడానికి ఆవిడకు రెండు కావలసొచ్చాయి. ఆటోల్లో పత్తిచేలో కలుపు తీసి వస్తున్న ఆడవాళ్లున్నారు, చీరలు తడిసి వణుకుతున్నారు. అత్తగారు వాళ్లందర్నీ పిలిచింది. ట్రాక్టరు మీద దోసకాయల బస్తాలున్న రైతు రెండు దోసకాయలు తెచ్చి, ఇవీ వేసి చూడండి అన్నాడు. వేసి చూశాం, దోసకాయతో ఇంకో రకంగా బాగుంది. నేను తరగడం మొదలుపెట్టాను. ఆయన కాలుస్తుంటే నేను కాగితాల్లో పెట్టి అందించాను. కొంగుముడి వల్ల ఒకరి కాలు ఒకరం తొక్కుకుంటూ, సారీ అండి, సారీ అండి అనుకుంటూ ఉన్నాం. లడ్డూలూ అరిసెలూ మైసూర్‌పాకూ కూడా విప్పేశాం. కలుపు ఆడవాళ్లల్లో ఒకామె లడ్డూ తింటూ పెళ్లిపాట అందుకుంది. మిగతావాళ్లు గొంతు కలిపారు. మేళాలు పెట్టుకున్న మా పెళ్లిపందిట్లో కూడా అంత సందడి లేదు.

ముహూర్తం సంగతి మేనత్తకే గుర్తొచ్చింది. పొద్దు వాలుతోంది. అత్తగారు పురోహితుడికి ఫోన్ చేసి, అందరికీ వినబడేట్టు స్పీకరు పెట్టింది.

"పంతులు గారూ, వాగు అడ్డంగా ఉంది. పిల్లలు ఇంకా ఇవతలే ఉన్నారు. ఇప్పుడెట్టా?"

"క్షేమంగా ఉన్నారా అమ్మా?"

"శుభ్రంగా ఉన్నారు. మా వాడు వంట చేస్తున్నాడు."

"అయితే తొందరేం లేదమ్మా. వాగు తగ్గాక రండి. రాత్రికి ఇంకో మంచి ఘడియ ఉంది, నేను చూసి పెడతా" అన్నాడాయన.

దీపాలు పెట్టే వేళకు నీళ్లు చప్టా కిందికి దిగాయి. ముందు ట్రాక్టరు దాటింది, దాని వెనక మేము, మా వెనక బేకరీ వ్యాను. కార్లో ఈసారి అత్తగారు కిటికీ పక్కకు జరిగి మమ్మల్ని ఒకచోట కూర్చోబెట్టింది. నెయ్యి మరకలు పడిన పట్టుచీరతో, పొగ వాసనతో, కడుపు నిండా తిని, నేను అత్తవారి గడప తొక్కాను. ఎర్రనీళ్లతో దిష్టి తీస్తున్న ఆడవాళ్లు, ఈ వెల్లుల్లి వాసన ఎక్కడిదే అని ఒకరినొకరు అడిగారు.

మర్నాడు సారె పంచాలి. చూస్తే లడ్డూలు అడుగున కాసిన్ని ఉన్నాయి, అరిసెలూ మైసూర్‌పాకూ అసలే లేవు. మేనత్త తల పట్టుకుంది. నాకూ భయమేసింది. పుట్టింటివాళ్లు చాలీచాలకుండా పెట్టారని ఊళ్లో అనుకుంటారేమోనని. అత్తగారు మాత్రం నిమ్మళంగా ఉంది. సాయిబు గారి వ్యాను వాళ్ల ఊరి కొట్టుకు సరుకు వేసే బండేనట. ముందురోజు వాగు దగ్గరే ఆయనతో మాట్లాడి పెట్టుకుంది. పొద్దున్నే వ్యాను మా వాకిట్లో ఆగింది. వెచ్చటి తీపి బన్నులు దిగాయి. ఇంటింటికీ సగం లడ్డూ, ఒక బన్ను. వీధిలో ఆడవాళ్లు తెల్లబోయారు. సారెలో బన్నులేమిటని అడిగినవాళ్లందరికీ అత్తగారు అరుగు మీద కూర్చుని వాగు కథ మొదటినుంచీ చెప్పింది. కొడుకు వంట చేసిన భాగం వచ్చినప్పుడల్లా గొంతు పెంచింది. మధ్యాహ్నానికల్లా నాకు ఆ వీధిలో బ్రెడ్డు కోడలని పేరు పడింది. ఇప్పటికీ కొందరు ముసలమ్మలు అలాగే పిలుస్తారు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. సారె అందరికీ నచ్చిందా, సరిపోయిందా అని అడిగింది. జరిగింది చెప్పాను. టీకొట్టు అనగానే అమ్మ "అయ్యో" అంది. బన్నులు అనగానే "బన్నులేంటే, మా పరువు పోయింది పో" అంది. ఆయన స్టవ్వు దగ్గర నిలబడి నాకు వండి పెట్టాడని చెప్పాక "అంత మంచివాడా?" అని మాత్రం అడిగింది.

నేను జవాబు చెప్పేలోపు అత్తగారు వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"వదినగారూ, అంతా బాగుంది. ఒక్కటే ఇబ్బంది. పచ్చడి జాడీ అడుగంటింది. ఇంకొకటి పంపుతారా?"